ఉలుకురాయి

చేట పట్టలేదు.

బియ్యం చెరిగే చేటను రెండు చేతులా పట్టుకుని వంటింట్లోంచి అత్త గదికి పోయే నడవలో అడుగుపెట్టిన హైమావతి, దాని అంచులు రెండువైపులా గోడకు గీసుకోవడంతో ఆగిపోయింది. మొన్నటిదాకా చేటతో పాటు రెండు మోచేతులు కూడా ఆ నడవలో హాయిగా పట్టేవి. చేట కింద పెట్టి జానతో కొలిచింది. రెండున్నర జానలు. కిందటి నెల ఇల్లు దులిపిన రోజు కొలిస్తే నాలుగున్నర వచ్చింది. కంటితో చూసింది మరిచిపోయినా చేత్తో కొలిచింది మరిచిపోయే మనిషి కాదు ఆమె.

నడవ చివర గదిలో మంచం మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తున్న సుంకులమ్మ తలెత్తి చూసింది.

"ఏంది మే అది? గోడకు రవిక కుడతాండావా?"

"గోడకు కాదు, నీ నోటికి. గుడ్డ చాలేట్టు లేదు."

"నీ నాయన నోరు నీకొచ్చినాది. వాడూ ఇంతే, పుట్టినప్పట్నించీ నా మీద పడి ఏడ్చినాడు."

సుంకులమ్మ హైమావతికి మేనత్త. మేనత్తే అత్తగారయింది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఆ ఇంట్లో పొద్దు పొడిచేది ఇద్దరి మాటల మీదే, పొద్దు కుంకేదీ వాటి మీదే. ఒకపూట ఇద్దరూ తిట్టుకోకపోతే ఎవరో ఒకరికి జ్వరమొచ్చిందని అర్థం.

అయితే ఒద్దిక ఊళ్ళో గోడలు వింటాయి. గోడలకు ఆ జ్వరం సంగతి ఎవరూ చెప్పలేదు.

జలాశయంలో మునిగిపోయిన నాలుగు ఊళ్ళ జనానికి కట్టిన ఊరు ఒద్దిక. మూడు వందల పన్నెండు ఇళ్ళు. ఇంటి కప్పును మోసే గోడలు మామూలు నాపరాతివే. గదుల మధ్య అడ్డుగోడలు, సందుల పక్క గోడలు మాత్రం ఉలుకురాయి. సున్నపురాయిని తిని మళ్ళీ సున్నపురాయినే కక్కే సూక్ష్మజీవి ఒకదాన్ని గనుల నీళ్ళలో పట్టి, పన్నెండేళ్ళు ప్రయోగశాలలో సాకి, ఆ రాతికి ప్రాణం పోసింది హైమావతి భర్త ఓబుళేసు. గోడలోపల సన్నటి తీగ నడుస్తుంది. మనుషుల గొంతులో కరుకుదనం వినబడితే తీగ ఆ జీవికి కబురంపుతుంది, అది గోడను అటు పెంచుతుంది. గొంతు మెత్తబడితే తిని తగ్గిస్తుంది. రోజుకు గోరంత. కొట్లాడుకునేవాళ్ళ మధ్య గోడ లేస్తుంది, పొత్తు కుదిరినవాళ్ళ మధ్య దారి పడుతుంది. ఎవరూ ఎవరినీ పొమ్మనక్కర్లేదు. ముట్టుకుంటే అత్తిపత్తి ముడుచుకున్నట్టు, అరిస్తే ఉలికిపడుతుంది కాబట్టి ఊరివాళ్ళే దానికి ఆ పేరు పెట్టుకున్నారు.

ఓబుళేసుకు ఎనిమిదేళ్ళప్పుడు, వాననీళ్ళ తూము ఎవరి గోడ కింద పోవాలన్న మాట మీద అతని నాయనా, సొంత చిన్నాయనా కొడవళ్ళు తీశారు. నాయన ఆ తూము పక్కనే చచ్చిపోయాడు. చిన్నాయన జైల్లో పోయాడు. "రెండడుగులు జరిపి కట్టుంటే ఇద్దరూ బతికేవాళ్ళు" అని ఓబుళేసు పెళ్ళయిన కొత్తలో ఒకసారి అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఊరు కట్టాడు.

రెండేళ్ళయింది. ఒద్దికలో పోలీసు కేసు ఒక్కటి లేదు. రేపు ఊరు చూడడానికి ప్రభుత్వ కమిటీ వస్తుంది. వాళ్ళు సరేనంటే ఇలాంటి ఊళ్ళు ఇంకా పదకొండు లేస్తాయి.

మధ్యాహ్నం క్యారియర్ తీసుకుని హైమావతి ప్రయోగశాలకు బయల్దేరింది. దారిలో పాలబూతు దగ్గర మస్తాన్‌బీ ఎదురైంది. పాత ఊళ్ళో బోరింగు దగ్గర లింగమ్మతో రోజూ బిందెలు తాకించి కొట్లాడిన మనిషి.

"హైమక్కా, లింగమ్మోళ్ళు ఊరిడిచిపెట్టి పోయినారంట గదా?"

"ఎవరు చెప్పినారు?"

"చెప్పేదేంది, ఏడు నెలలాయ, కంటికి కానరాల్యా. ఇరవై ఏండ్లు కొట్లాడినాం. పోయేటప్పుడు ఒక్క మాట చెప్పల్యా చూడు." మస్తాన్‌బీ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఏ ఊరికి పోయినారో ఏమో."

 నిన్న సాయంత్రమే లింగమ్మ హైమావతికి కరివేపాకు ఇచ్చింది. మస్తాన్‌బీ పెరటి గోడకు ముప్పై అడుగుల అవతల ఉంటుంది లింగమ్మ.

"యాడికీ పోలేదు మే. నీ వెనకనే ఉంది. నీళ్ళట్యాంకు చుట్టూ తిరిగిపో" అని చెబితే, మస్తాన్‌బీ వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

ప్రయోగశాలలో ఓబుళేసు మేజా మీద జానెడు ఉలుకురాయి పలక పెట్టుకుని దాని ముందు వంగి, "నా బంగారమే, నా చిట్టితల్లే" అంటున్నాడు. పలక మధ్యలో సూదిబెజ్జం కంటిముందే రూపాయి బిళ్ళంత అయింది. సున్నం పొడి రాలింది.

"ఆ మాట నాతో ఎప్పుడన్నా అన్నావా బావా?" అంది హైమావతి వాకిట్లోంచే.

అతను నవ్వాడు. మూడు రాత్రులుగా నిద్రలేని కళ్ళు. "వేగం పెంచినా. రోజుకు గోరంత అంటే కమిటీ నమ్మదు. కండ్ల ముందర కదలాల. రేపు సాయంత్రం దాకా ఊరంతా ఇదే వేగం. చెవి కూడా పెంచినా, గుసగుస కూడా వింటాది."

ఆమె క్యారియర్ విప్పుతూ నడవ కొలత చెప్పింది. లింగమ్మ సంగతి చెప్పింది.

"వాళ్ళిద్దరికీ రక్తపోటు తగ్గింది హైమా. లెక్కలుండాయి, చూడు."

"తగ్గింది. ఇచ్చిపుచ్చుకునే కూరా తగ్గింది. మస్తాన్‌బీ ఏడుస్తాంది బావా, బతికున్న మనిషి కోసరం."

"ఏడిస్తే ఏమాయ? మా అమ్మ ఏడ్చినట్టు ఏడవట్లేదు గదా." ఆ మాట అతను మెల్లగానే అన్నాడు. హైమావతి ముద్ద కలిపి పెట్టింది. అది మింగి అతనే అన్నాడు: "నడవ మూసుకోదులే. ప్రతి ఇంటికీ ఒక దారి తప్పనిసరిగా ఉండాలని నియమం రాసినా. రేపొక్కరోజు మాత్రం మీ అత్తాకోడళ్ళు నోరు కట్టేసుకోండి. అమ్మకు చెప్పు."

"నీ అమ్మ. నువ్వే చెప్పు."

"నేను చెప్తే ఏడుస్తాది. నువ్వు చెప్తే తిడతాది. తిట్టడమే మేలు."

మరునాడు పొద్దున ఎనిమిదింటికి సుంకులమ్మ ఎప్పటిలాగే తన పొట్టకు తానే ఇన్సులిన్ సూది పొడుచుకుంది. చక్కెర జబ్బు పదిహేనేళ్ళది. సూది పడిన అరగంటలో తినాలి. హైమావతి బొరుగుల ఉగ్గాని తెచ్చి ముందు పెట్టింది.

"ఇది ఉగ్గానా, తడిపిన పొట్టా? మిరపకాయ కొనేదానికి కూడా గతి లేదా మీ ఇంట్లో?"

"నిన్న కారమెక్కువని ఏడ్చిందెవరు? ఈరోజన్నా నోరు మూసుకోత్తా, ఊరికి పెద్దోళ్ళొస్తాండారు."

"నేను మూసుకోవాల్నా? నా కొడుకు కట్టిన ఊళ్ళో నేను మూసుకోవాల్నా? నాకొద్దు ఈ తిండి."

ముసలమ్మ పళ్ళెం తోసేసి, నడవలోంచి పక్కకు తిరిగి దూరి గదిలోకి పోయి పడుకుంది. ఇది కొత్త కాదు. అలిగితే తినదు. ఒక పావుగంట చూసి కోడలు పళ్ళెంతో పోయి, "ముసలిదానా, నీ బతుకు చెడ, నీకు కాలూ చెయ్యీ పడితే చేసేదెవరు, లే" అని నాలుగు దులిపితే, లేచి గొణుక్కుంటూ తింటుంది. తిట్టేదాకా తినకపోవడం అత్త వంతు, తిట్టి తినిపించడం కోడలి వంతు. ఇరవై రెండేళ్ళలో వంతు ఒక్కసారి తప్పలేదు.

హైమావతి బట్టలు ఆరేసి, పళ్ళెం తీసుకుని వచ్చింది.

నడవ లేదు.

నడవ ఉండాల్సిన చోట నున్నటి తెల్లటి గోడ ఉంది. ఆమె ఒక క్షణం తాను వేరే గదిలోకి వచ్చాననుకుంది. పళ్ళెం కింద పెట్టి గోడను తడిమింది. గదికి సందులోకి ఇంకో తలుపుండేది. అత్తకు లింగమ్మతో మాటామాటా వచ్చిన తర్వాత మూడు నెలల కిందటే అది గోడలో కలిసిపోయింది. ప్రతి ఇంటికీ ఒక దారి ఉండాలని నియమం. ఇంటికి వీధివాకిలి ఉంది. నియమం తప్పలేదు. గదికి దారి ఉండాలని ఎవరూ రాయలేదు.

"అత్తా!" అని అరిచింది.

గోడ మీద సన్నటి వణుకు పాకింది. పైనున్న వెంటిలేటర్ అంచులు లోపలికి జరగడం ఆమె కళ్ళారా చూసింది. స్టూలు లాక్కుని ఎక్కింది. మూరెడుండే కంత ఇప్పుడు జానెడుంది. లోపల సుంకులమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. నుదురంతా చెమట. చేతివేళ్ళు దుప్పటిని ఊరికే పీకుతున్నాయి.

ఎనిమిదింటికి సూది. ఇప్పుడు తొమ్మిదీ పది. కడుపులో ఏమీ లేదు.

పెరట్లో గడ్డపార ఉంది. తెచ్చి రెండు చేతులా ఎత్తి గోడను పొడిచింది. దెబ్బ పడ్డచోట గోడ పుండు మానినట్టు నిండుకుని బొడిపె కట్టింది. రెండో పోటుకు కంత ఇంకో రెండు వేళ్ళు తగ్గింది. గడ్డపార పారేసి ఓబుళేసుకు ఫోన్ చేసింది.

"కమిటీ ముందర ఉండా హైమా..."

"అత్త గది మూసుకపోయింది. సూదేసుకుంది. తినలేదు. చెమటలు పడుతాండాయి."

అతని ఊపిరి వినబడింది. "గొంతు తగ్గించు" అన్నాడు. "విను. వేగం పెంచినా గదా, అది మనకు మంచిదే. ముద్దుగా మాట్లాడు. పావుగంటలో మనిషి పట్టేంత తెరుచుకుంటాది. నేనొస్తాండా."

"గోడలు కరిగించే విడుదల తాళం ఉంది గదా నీ దగ్గర?"

"అది ఒక్క గోడకు కాదు. తీగ ఊరంతటికీ ఒకటే. తిప్పితే జీవి చస్తాది. మూడు వందల పన్నెండు ఇండ్ల గోడలు బురదయితాయి. మళ్ళీ రాదు. ముద్దుగా మాట్లాడు హైమా. నీ కాళ్ళు పట్టుకుంటా."

ఆమె స్టూలెక్కి కంతకు నోరు ఆనించింది. గొంతును పట్టుబట్టలా చేసుకుంది.

"అత్తయ్యా, భయపడవద్దండీ. మీకేమీ కాదు. నేను ఇక్కడే ఉన్నాను కదా. కొంచెం లేచి కూర్చుంటారా?"

కంత అంచుల నుంచి సున్నం పొడి జలజలా రాలింది. ఒక వేలు. రెండు వేళ్ళు.

సుంకులమ్మ కళ్ళు సగం తెరిచింది. "ఎవురమ్మా నువ్వు? ఆస్పత్రి నర్సువా?"

"నేనండీ, హైమావతిని."

"మా కోడలు ఇట్ల మాట్లాడదు తల్లీ." ముసలమ్మ నాలుక మడతపడుతోంది. "దానికి నోరెక్కువ. యాడికి పోయినాది? అలిగి పుట్టింటికి పోయినాదా? పొద్దున నేనే ఏదో అన్న్యా..." కన్నీళ్ళు చెవుల్లోకి జారాయి. "రమ్మని చెప్పు. వచ్చి తిట్టమని చెప్పు. నేను... తింటా..."

"తప్పకుండా చెబుతానండీ. ముందు మీరు కళ్ళు తెరవండి. నిద్రపోవద్దండీ."

ఇంకో వేలు తెరుచుకుంది. సుంకులమ్మ కళ్ళు మూతపడ్డాయి. దుప్పటి పీకుతున్న వేళ్ళు ఆగిపోయాయి.

హైమావతి లెక్క వేసుకుంది. మనిషి పట్టాలంటే ఇంకా పన్నెండు నిమిషాలు. చక్కెర పడిపోయిన మనిషిని నిద్ర పోనిస్తే లేపలేమని డాక్టరు చెప్పిన మాట చెవిలో మోగింది. మెత్తగా మాట్లాడితే గోడ తెరుచుకుంటుంది, మనిషి పోతుంది. మనిషిని పట్టుకుంటే గోడ మూసుకుంటుంది.

ఆమె గొంతెత్తింది.

"ఏయ్ ముసలిదానా! లే! నువ్వు ఈడ పండుకుంటే నీ చాకిరీ ఎవరు చేస్తారు, నీ పెదనాయన చేస్తాడా? లేస్తావా లేవవా?"

గోడ గుర్రుమంది. అంచులు ముందుకు దూకాయి.

లోపల సుంకులమ్మ రెప్పలు అదిరాయి. "...వచ్చినావా మే?"

"వచ్చినా. నీ దొంగబుద్ధి చూద్దామని వచ్చినా. ఆ దిండు గలీబులో బెల్లం అచ్చు దాచినావని నాకు తెలీదనుకున్నావా?"

ముసలమ్మ కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. "ఎవురు చెప్పినారు?"

"చీమలు చెప్పినాయి! వరుస కట్టి వచ్చి చెప్పినాయి!"

"అది... బెల్లం కాదు. పటిక."

"అయితే నోట్లో పెట్టుకో, చూద్దాం."

"నువ్వు చెప్తే పెట్టుకోవాల్నా?"

"పెట్టుకోవద్దు. నేను ఇప్పుడే లోపలికొచ్చి అంతా ఎత్తుకపోయి లింగమ్మకిస్తా. ఆ బెల్లంతో పాయసం చేసుకుని, నీ వాకిట్లో కూర్చుని తాగమంటా!"

సుంకులమ్మ చెయ్యి వణుకుతూ వణుకుతూ దిండు వైపు కదిలింది. గలీబు ముడి దొరకలేదు. చెయ్యి జారింది. మళ్ళీ కదిలింది. కంత ఇప్పుడు నాలుగు వేళ్ళు.

వెనక అడుగుల చప్పుడు. ఓబుళేసు పరిగెత్తుకొచ్చాడు. మెడలో తాళంచెవి, చేతిలో పలకలాంటి తెర. వెనకనే రొప్పుతూ కమిటీ పెద్ద, అరవై ఏళ్ళ ఆవిడ, ఇంకో ఇద్దరు.

"హైమా, ఆపు! గోడ చూడు!"

"నువ్వు గోడను చూడు. నేను అత్తను చూస్తాండా." ఆమె వెనక్కి తిరగలేదు. "ఏందత్తా, చేతికి పక్షవాతమొచ్చిందా? దొంగతనంగా తినేటప్పుడు బాగా ఆడుతుండె గదా! లింగమ్మా! ఓ లింగమ్మా! గిన్నె తీసుకురా, బెల్లమంట!"

"దానికి... ఇయ్యను..." అని లోపల్నుంచి వినబడింది.

కంత రెండు వేళ్ళయింది. ఒక వేలయింది. ఆ సందులో హైమావతికి చివరిగా కనబడింది సుంకులమ్మ పిడికిలి, నోటి వైపు పోతూ. తర్వాత చిన్న టిక్కుమన్న చప్పుడుతో గోడ కలిసిపోయింది.

నోట్లో పడిందో, కింద పడిందో తెలియలేదు.

 ఓబుళేసు చేతిలో తెర మీద ఎర్రటి అక్షరాలు వెలుగుతున్నాయి. ఒద్దిక మొదలైన రోజు నుంచీ ఏ ఇంట్లోనూ ఆ మాట పడలేదు. "తీవ్ర వైరం. ఇరువురిని శాశ్వతంగా వేరు చేయడమైనది."

అతను ఆ మాట చదివాడు. మళ్ళీ చదివాడు. స్టూలు మీద నిలబడి గోడకు చెవి ఆనించి, పెదవి కొరుక్కుంటూ ఏడుస్తున్న భార్యను చూశాడు.

"లోపల గాలి ఎంతసేపు సరిపోతుంది ఓబుళేసుగారూ?" అంది కమిటీ పెద్ద నెమ్మదిగా.

అతను మెడలో తాళంచెవి తీసి తెర అంచున ఉన్న బెజ్జంలో పెట్టాడు. చెయ్యి అక్కడే ఆగింది. ఒక నిట్టూర్పంత సేపు ఆగింది. తిప్పాడు.

మొదట ఏమీ జరగలేదు. తర్వాత గోడ చెమర్చింది. పైనుంచి కిందికి తడి పాకింది. నానిన సున్నంలా వదులై, ముద్దలు ముద్దలుగా జారి, నేల మీద మోకాలెత్తున తెల్లటి బురదై కూర్చుంది. హైమావతి స్టూలు మీంచి దూకి ఆ బురదలో పడుతూ లేస్తూ అవతలికి పోయింది.

సుంకులమ్మ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మూతి నిండా బెల్లం. చెంగు నిండా చీమలు. కోడలిని చూసి, నోట్లోది మింగి, రెండు చేతులూ చాచి ఖాళీగా చూపించింది.

"అంతా తినేసినా. ఇప్పుడేం ఎత్తుకపోతావు?"

హైమావతి ఆమె తల పట్టుకుని పొట్టకు హత్తుకుంది.  

అప్పుడు ఊరు వినబడింది. మూడు వందల పన్నెండు ఇళ్ళలో గోడలు జారి, నెలలుగా ఒకరి మొహం ఒకరు చూడని మనుషులు బురద మధ్య ఎదురెదురుగా నిలబడ్డారు. అరుపులు, పిలుపులు, ఏడుపులు. వాటన్నిటి మీదా మస్తాన్‌బీ గొంతు: "బతికే ఉండావా మే లింగీ? ఉండి కూడా పలకల్యానా? నీ కండ్లు పోనూ!"

కమిటీ భోజనానికి ఆగకుండా వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి నాలుగో సందులో అన్నదమ్ములిద్దరు కర్రలు తీశారన్న కబురొచ్చింది. తమ్ముడి తలకు ఏడు కుట్లు పడ్డాయి. ఓబుళేసు ఆస్పత్రికి పోయి ఆ పిల్లవాడి మంచం పక్క కూర్చుని వచ్చాడు. చొక్కాకు నెత్తురుంది.

తర్వాత మూడు రోజులూ అతను భార్యను ఒక్క మాట అనలేదు. తిన్న పళ్ళెం తానే కడుక్కున్నాడు. "నీ తప్పేం లేదు హైమా" అన్నాడు, మెత్తగా. "అమ్మ బతికింది, అదే చాలు" అన్నాడు, ఇంకా మెత్తగా. ఆ మెత్తదనం వింటుంటే హైమావతికి వీపున చన్నీళ్ళు పోసినట్టయ్యేది. గోడ లేని నడవలో అతను పక్కనుంచి పోతుంటే, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో, ముప్పై అడుగుల అవతల ఉన్నట్టుండేది.

నాలుగో రోజు పొద్దున అతను బీరువా పై అరలో దేనికోసమో వెతుకుతున్నాడు.

"నా పాత నోటుపుస్తకాలు యాడ?" అన్నాడు.

"ఆ మూలపెట్టెలో సర్దినా. బురద పట్టకుండా."

"ఎవరు సర్దమన్నారు?"

"ఎవరూ అనలేదు."

అతను చేతిలో ఉన్న అట్టపెట్టెను నేలకేసి కొట్టాడు. "నా కాగితాలు నువ్వెందుకు ముట్టుకుంటావు? నాదంటూ ఏం మిగిల్చినావు? పద్నాలుగేండ్లు హైమా! పద్నాలుగేండ్లు! ఆ పిల్లోని తలకు ఏడు కుట్లు! ఏడు! పదకొండూళ్ళు లేచేవి! నువ్వింకొక్క అయిదు నిమిషాలు మెల్లగా మాట్లాడింటే..."

"మాట్లాడింటే అత్త చచ్చేది!" ఆమె గొంతు అతని గొంతు కంటే పైకి లేచింది. "వేగం పెంచిందెవరు? గదికి దారి రాయనిదెవరు? మళ్ళీ అట్లయితే మళ్ళీ అదే చేస్తా. వందసార్లు చేస్తా!"

"చేస్తావు! నీకేం, చేస్తావు!"

"ఏందిరా ఆ గొంతు?" లోపల్నుంచి సుంకులమ్మ. "పొద్దున్నే నా కోడలి మీద పడి అరుస్తావా? సిగ్గులేదా?"

"నువ్వుండు!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఓబుళేసు రొప్పుతున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. హైమావతి పీట లాగి, అతని ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"ఇంకా ఉందా?" అని అడిగింది.

"ఉంది" అన్నాడు ఓబుళేసు. అతనూ కూర్చున్నాడు.